పేద పిల్లల చదువుకు దాతల సాయం: తెలుగు నేల అనుభవం

కన్నవాళ్లకు చదివించే స్తోమత లేనప్పుడు ఆ ఖర్చును బయటివాళ్లు తమ సొంత డబ్బుతో భరించడం తెలుగు ప్రాంతాల్లో తరతరాలుగా ఉన్న పద్ధతే. వారానికి ఒక రోజు అన్నం పెట్టడం, పరీక్ష ఫీజు కట్టడం, బడికి స్థలం రాసివ్వడం, హాస్టల్ కట్టించడం, నెలనెలా ఒక బిడ్డ పేరున చందా పంపడం, అమెరికాలో ఉద్యోగం చేస్తూ సొంత జిల్లా విద్యార్థికి ఇంజనీరింగ్ ఫీజు కట్టడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. ప్రభుత్వాలు, మత సంస్థలు, కంపెనీలు పెట్టే ఖర్చుతో ఈ డబ్బు కలగలిసిపోతుంది కాబట్టి దీన్ని విడదీసి లెక్క కట్టడం కష్టం. చరిత్ర తిరగేస్తే మాత్రం ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది. ఏ కాలంలోనైనా సాయం అందింది దాత కంటపడ్డ పిల్లలకే. ఎవరి ఇంటి గడప ఎవరు తొక్కగలిగారు, ఏ హాస్టల్లో ఎవరికి చోటు దొరికింది, ఏ పత్రికలో ఎవరి ఫొటో పడింది అన్నదాన్ని బట్టే చాలామంది చదువు సాగడమో ఆగడమో జరిగింది.

వారాలు, మధూకరం

రైలు, బస్సు లేని రోజుల్లో ఊరు విడిచి చదువుకు వెళ్లిన పేద కుర్రాడికి ఫీజు కంటే ముందు ఎదురయ్యేది తిండి సమస్య. దానికి తెలుగునాట దొరికిన ఏర్పాటు వారాలు. పట్నంలో ఏడు ఇళ్లు చూసుకుని, ఒక్కో ఇంట్లో వారానికి ఒక రోజు చొప్పున భోజనం చేసేలా ఒప్పించుకోవడం. ఆ ఇంటివాళ్లు ఊరెళ్లినా, ఆ ఇంట్లో మైల వచ్చినా ఆ రోజు పస్తే. అన్నం పెట్టిన ఇల్లాలికి బావిలో నీళ్లు తోడిపెట్టడం, బజారు నుంచి సరుకులు తెచ్చిపెట్టడం కుర్రాడి వంతు. మధూకరం ఇంతకన్నా కఠినం. జోలె కట్టుకుని ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చుకున్న అన్నాన్ని కలుపుకుని తినడం.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు. 1922లో పుట్టిన ఆయన చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో చేతికున్న ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరేసరికి మహారాజా సంగీత కళాశాలకు వేసవి సెలవులు. అక్కడ తలదాచుకునే చోటు దొరికినట్టే దొరికి, తోటివాళ్లు మోపిన నింద వల్ల పోయింది. అప్పుడు చేరదీసినవారు పట్రాయని సీతారామశాస్త్రి. గురువుగారి ఇల్లు కూడా అంతంతమాత్రమే. శిష్యుడికి చదువు చెప్పగలరు గానీ రెండు పూటలా అన్నం పెట్టలేరు. అందుకే ఘంటసాల జోలె పట్టి విజయనగరం వీధుల్లో మధూకరం చేసి గురువు దగ్గర పాఠం చెప్పుకున్నారు. కళాశాల తెరిచాక అందులో చేరారు. ఆ గురువు ఇచ్చింది ఫీజు లేని పాఠం. ఊరు పెట్టింది పిడికెడు అన్నం. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ చదువు సాగేది కాదు.

ఆ సంగీత కళాశాల పుట్టుక కూడా ఇక్కడ చెప్పుకోదగ్గదే. జమీందారీ ఉద్యోగి చాగంటి జోగారావు కొడుకు గంగరాజుకు చూపు లేదు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించే ఏర్పాటు చేయబోయి విజయరామ గజపతిరాజు 1919లో ఏకంగా కళాశాలనే నెలకొల్పారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ఒక్క పిల్లవాడి కోసం మొదలైన బడిలో తర్వాత ఎందరో చదువుకున్నారు.

టంగుటూరి ప్రకాశం పంతులు కథలో ఈ సాయం ఇంకో రకంగా కనిపిస్తుంది. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పోషించారు. మిడిల్ స్కూలు పరీక్షకు ఫీజు మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలు ఎక్కడా పుట్టక ఆమె తన పట్టుచీర తాకట్టు పెట్టారు. ఆ తర్వాత ప్రకాశం చదువును భుజాన వేసుకున్నది ఒంగోలు మిషన్ స్కూలు ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. ఆయన నాటకాలు ఆడించేవారు, ప్రకాశం వాటిలో వేషాలు కట్టేవారు. రాజమండ్రికి మకాం మార్చినప్పుడు నాయుడు ఈ కుర్రాణ్ణి కూడా వెంట తీసుకెళ్లి పై చదువు చదివించారు. ప్రకాశం బ్రాహ్మణ కుర్రాడు, నాయుడు బ్రాహ్మణేతరుడు. ఆ రోజుల్లో ఇది మామూలు విషయం కాదు.

ఎందుకంటే వారాలకూ మధూకరానికీ ఒక గట్టి కంచె ఉంది. అన్నం ఇంట్లో పెట్టాలి కాబట్టి ఇంట్లోకి రానివ్వగల కులం వాడే విద్యార్థి. దాదాపుగా అది బ్రాహ్మణ బాలుర కోసం ఉన్న ఏర్పాటు. ఆడపిల్లకు, మాలపల్లి పిల్లవాడికి వారం ఇచ్చిన ఇల్లు వెతికినా దొరకదు. పాత తరం ఆత్మకథల్లో వారాల కష్టాలు చదివి కళ్లు చెమర్చుకునేవాళ్లం ఈ మాటను తరచుగా మరిచిపోతాం. ఆ కష్టం పడే అవకాశం కూడా ఊళ్లో చాలామందికి లేదు.

దొరలు, జమీందార్లు, సంస్కర్తలు

ఇంటి గడప దాటి, సంస్థ రూపంలో చదువుకు డబ్బు పెట్టినవారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ముందువరుసలో ఉంటారు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా ఉంటూ 1820ల మొదట్లో కడపలోనూ, ఆ తర్వాత మచిలీపట్నంలోనూ ఉచిత పాఠశాలలు నడిపించారు. మదరాసులో దుబాసీగా గడించి 1794లో చనిపోయిన పచ్చయప్ప మొదలియారు ఆస్తి మీద కోర్టులో ఏళ్ల తరబడి వ్యవహారం నడిచింది. చివరికి ఆ డబ్బుతో 1842లో పాఠశాల మొదలై, తర్వాత కళాశాల అయింది. వీలునామా రాసి పోతే ఆ డబ్బు బడిదాకా రావడానికి అర్ధ శతాబ్దం పట్టిందన్నమాట.

తెలుగునాట ఈ దశలో అందరికంటే లోతైన ముద్ర వేసినవారు రఘుపతి వెంకటరత్నం నాయుడు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా, 1925 నుంచి మదరాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. జీతంలో తనకు కావలసింది ఉంచుకుని మిగతాది పేద విద్యార్థుల మీద ఖర్చు పెట్టేవారు. తలుపు తట్టిన కుర్రాడి కులం అడిగేవారు కారు. ఆయన్ను గురువుగా భావించిన పిఠాపురం మహారాజా రావు వెంకటకుమార మహీపతి సూర్యారావు కాకినాడలో అనాథ శరణాలయం, దళిత విద్యార్థులకు వసతి గృహం ఏర్పాటు చేశారు. పిఠాపురం రాజా కళాశాలలో ఆడపిల్లలకూ చోటు దొరికింది. డబ్బు రాజుది, చూపు గురువుది. వారాల కంచె బయట ఉండిపోయిన పిల్లల్ని ఈ జంట లోపలికి తెచ్చింది.

కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తన ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసిచ్చారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో స్త్రీల కోసం శారదా నికేతనం పెట్టారు. దుర్గాబాయి చిన్న వయసులోనే ఆడపిల్లలకు హిందీ పాఠశాల నడిపారు. తర్వాత మదరాసు మైలాపూరులో తన ఇంటి చుట్టుపక్కల ఆడవాళ్లను పోగుచేసి మెట్రిక్ పరీక్షకు తయారు చేయడంతో ఆంధ్ర మహిళా సభకు బీజం పడింది. బాల్య వివాహం వల్లో, వైధవ్యం వల్లో బడి మానేసిన స్త్రీలకు మళ్లీ పుస్తకం పట్టించడం ఆ సభ చేసిన ముఖ్యమైన పని.

తీరాంధ్రలో మిషనరీ బడుల పాత్ర వేరుగా రాయవలసినంత పెద్దది. ఒంగోలు, గుంటూరు ప్రాంతాల్లో బాప్టిస్టు, లూథరన్ మిషన్లు నడిపిన బోర్డింగు స్కూళ్లకు డబ్బు అమెరికాలోని చర్చి సభ్యుల చందాల నుంచి వచ్చేది. ఎక్కడో ఉన్న దాత ఎవరో తెలియని తెలుగు బిడ్డను చదివించే పద్ధతికి ఇక్కడ ఇదే తొలి రూపం. దళిత కుటుంబాల్లో మొదటి తరం ఉపాధ్యాయులు, నర్సులు చాలామంది ఈ బడుల నుంచే వచ్చారు. ముస్లిం సమాజంలో జకాత్, అంటే ఏటా పొదుపులో రెండున్నర శాతం తీసి ఇవ్వాలన్న నియమం, మదర్సాల్లోనూ బయటా పేద విద్యార్థులకు అన్నం, పుస్తకాలు సమకూర్చింది.

హైదరాబాదు హాస్టళ్లు

నిజాం రాజ్యంలో సమస్య వేరు. పై చదువు హైదరాబాదులో, అదీ ఎక్కువగా ఉర్దూలో. తెలుగు జిల్లాల నుంచి వచ్చిన కుర్రాడికి ఊళ్లో ఎంత పలుకుబడి ఉన్నా నగరంలో ఉండే చోటు లేదు. హైదరాబాదు కొత్వాలుగా పనిచేసిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో 1918లో రెడ్డి హాస్టల్ మొదలైంది. సంస్థానాధీశులు, దేశ్‌ముఖులు, వకీళ్లు చందాలు వేశారు. కొత్వాలు అడిగితే కాదనే ధైర్యం ఎంతమందికి ఉండేదో గానీ, వచ్చిన డబ్బు మాత్రం గదులుగా, వంటశాలగా, గ్రంథాలయంగా మారింది. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ నిర్వహణ చూశారు. తర్వాత రైతాంగ పోరాటంలో నాయకుడైన రావి నారాయణరెడ్డి అక్కడ ఉండి చదివినవారే. అదే దారిలో వైశ్య, మున్నూరు కాపు, గౌడ తదితర కులాల హాస్టళ్లు కాచిగూడ, నారాయణగూడ ప్రాంతాల్లో వెలిశాయి. మాడపాటి హనుమంతరావు పూనికతో 1928లో నారాయణగూడలో ఆడపిల్లల తెలుగు పాఠశాల వచ్చింది.

కుల హాస్టల్ మీద వాదన ఇప్పటికీ ఉంది. కులం పేరుతో కట్టిన గోడలు కులాన్ని బలపరిచాయన్నది ఒక పక్షం. ఆ గోడలు లేకపోతే మొదటి తరం చదువుకునేదే కాదన్నది రెండో పక్షం. రెండూ నిజమే. ఒక కులం వాళ్లు తమ పిల్లల కోసం చందా వేసుకోవాలంటే ముందు ఆ కులంలో నాలుగు డబ్బులున్నవాళ్లు ఉండాలి. అది లేని కులాలకు ఈ దారి మూసుకుపోయినట్టే.

ఆ మూసుకున్న దారిని తెరిచినవారు భాగ్యరెడ్డి వర్మ. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు, సభలతో మొదలైన ఆయన పని 1910 నుంచి బడుల వైపు తిరిగింది. ఈసామియా బజారులో, లింగంపల్లిలో దళిత పిల్లలకు పాఠశాలలు తెరిచి తెలుగులో చదువు చెప్పించారు. బడుల సంఖ్య ఇరవై దాటింది. వెనక పెద్ద జమీందారు ఎవరూ లేరు. నగరంలో రకరకాల మతాల, కులాల సానుభూతిపరుల దగ్గర పోగుచేసిన చందాలే ఆధారం. అలాంటి డబ్బుతో ఒక బడి నడపడం ఎంత కష్టమో, నెల తిరిగేసరికి పంతుళ్లకు జీతం ఇవ్వవలసిన వాళ్లకే తెలుస్తుంది. చివరికి ఆ బడుల్ని ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది.

స్కాలర్‌షిప్: ఒక్కడి మీద పెట్టిన డబ్బు

వ్యక్తి నుంచి వ్యక్తికి వెళ్లిన విద్యాసాయం దేశ చరిత్రనే మార్చిన సందర్భం బరోడాది. 1913లో సయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బి.ఆర్. అంబేడ్కర్ న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. మహారాజు దగ్గరికి ఆయన పేరు తీసుకెళ్లినవారు కె.ఎ. కేలుస్కర్ అనే బొంబాయి ఉపాధ్యాయుడు. అంబేడ్కర్ మెట్రిక్ పాసైనప్పుడు తాను రాసిన బుద్ధుని చరిత్రను బహుమతిగా ఇచ్చింది కూడా ఆయనే. ఒప్పందం ప్రకారం అంబేడ్కర్ తిరిగొచ్చి 1917లో బరోడా కొలువులో చేరారు. కానీ అదే ఊళ్లో అంటరానివాడన్న కారణంతో అద్దెకు గది దొరకలేదు. దొరికిన పార్శీ సత్రంలోంచి గెంటేశారు. మహారాజు ఖజానా నుంచి డబ్బు బయటికి వచ్చినంత సులువుగా మర్యాద రాలేదు. దాతల సాయానికి ఎక్కడ హద్దు ఉందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

1892లో జంషెట్జీ టాటా పెట్టిన నిధి పద్ధతి ఇంకోటి. పై చదువుకు విదేశాలకు వెళ్లేవారికి అప్పుగా ఇవ్వడం, తీర్చిన డబ్బును తర్వాతివాళ్లకు వాడడం. కేరళలో పేద దళిత కుటుంబం నుంచి వచ్చి రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివింది టాటా స్కాలర్‌షిప్‌తోనే.

ఫొటో, ఉత్తరం, నెల చందా

ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన కొత్త పద్ధతి స్పాన్సర్‌షిప్. ఒక దాత, ఒక బిడ్డ, నెలకింత. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధంలో దిక్కులేని పిల్లల కోసం ఆంగ్ల పాత్రికేయుడు జాన్ లాంగ్డన్ డేవిస్ మొదలుపెట్టిన పథకం తర్వాత ప్లాన్ ఇంటర్నేషనల్ అయింది. కొరియా యుద్ధం దరిమిలా వరల్డ్ విజన్, కంపాషన్ వంటి అమెరికన్ క్రైస్తవ సంస్థలు ఇదే దారి పట్టాయి. బిడ్డ ఫొటో దాత ఇంటికి వెళ్తుంది, ఏడాదికి ఒకటి రెండు ఉత్తరాలు నడుస్తాయి.

తెలుగు జిల్లాల్లో దీన్ని పెద్దయెత్తున చూసింది అనంతపురం. మహారాష్ట్రలోని మన్మాడులో రైతుల మధ్య పనిచేసి, 1968లో దేశం విడిచి వెళ్లవలసివచ్చిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ మరుసటి ఏడాది తిరిగొచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. ఆయన, భార్య యాన్ ఫెర్రర్ కలిసి నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును జిల్లాలో అందరూ ఆర్డీటీ అనే పిలుస్తారు. స్పెయిన్‌లో లక్షకు పైగా మధ్యతరగతి దాతలు నెలనెలా పంపే చిన్న చిన్న మొత్తాలే దానికి ఇరుసు. ఇక్కడి బిడ్డ తెలుగులో రాసిన ఉత్తరం, పక్కన గీసిన ఇంటి బొమ్మ, సంస్థ ఆఫీసులో అనువాదమై స్పెయిన్ చేరుతుంది. అక్కడి నుంచి వచ్చిన జవాబు మళ్లీ తెలుగై ఊరికి వస్తుంది. ఎస్సీ కాలనీల్లో సాయంత్రం పూట నడిచే బడి ఈ పనిలో అన్నిటికంటే విలువైనది. ఇంట్లో దీపమూ, పాఠం చెప్పే పెద్దలూ లేని పిల్లలకు బడి వదిలాక రెండు గంటలు కూర్చునే చోటు. స్పాన్సర్ డబ్బును ఒక్క బిడ్డ చేతికి ఇవ్వకుండా ఊరు మొత్తానికి పనికొచ్చే బడి, ఇల్లు, వైద్యం మీద పెట్టడం ఆర్డీటీ ఎంచుకున్న దారి. పక్కింటి పిల్లకు రాలేదే అన్న కడుపుమంట అలా చాలావరకు తప్పింది. ఫెర్రర్ 2009లో అనంతపురంలోనే కన్నుమూశారు. సాయం అందుకున్న పల్లెల కుటుంబాలే ఇంట్లో హుండీ పెట్టుకుని చిల్లర పోగుచేసి సాటి పేదలకు ఇవ్వడం తర్వాతి మలుపు.

స్పాన్సర్‌షిప్ మీద విమర్శలు తక్కువేం కాదు. పేద బిడ్డ ఫొటోను సరుకులా చూపించడం మొదటిది. 1998లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక పెద్ద సంస్థల పనితీరును పరిశోధించి, చనిపోయిన పిల్లల పేరున కూడా చందాలు వసూలైన సంగతి బయటపెట్టింది. ఇక ఫలితం సంగతి. బ్రూస్ వైడిక్, పాల్ గ్లెవీ, లైన్ రట్లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు భారత్ సహా ఆరు దేశాల్లో పదివేల పైచిలుకు మందిని పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కంపాషన్ సంస్థ స్పాన్సర్ చేసిన పిల్లలు మిగతావారి కంటే సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర ఏళ్లు ఎక్కువ చదివారు. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, ఎనిమిదో తరగతితో ఆగిపోయే పిల్ల టెన్త్ దగ్గరికి చేరడం అంటే ఏమిటో పల్లెటూళ్లో ఎవరినడిగినా చెబుతారు.

విదేశీ విరాళాలకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి. 2020 సవరణతో ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని ఒక స్టేట్ బ్యాంకు శాఖలోకే రావాలి. ఒక సంస్థ తీసుకున్నది ఇంకో సంస్థకు పంచకూడదు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. టీచరు జీతాన్ని ఏ ఖాతాలో రాయాలన్న చర్చ అప్పటి నుంచి చిన్న సంస్థల్లో తెగడం లేదు.

చిన్న సంపాదన, పెద్ద బడి

ఒడిశాలోని కటక్ నగరంలో బక్సీ బజారు దగ్గర తెలుగు బస్తీ ఉంది. దేవరపల్లి ప్రకాశరావు అక్కడే చిన్నప్పటి నుంచి టీ కొట్టు నడిపారు. చదువు మీద మక్కువ ఉన్నా తండ్రి పెట్టిన కొట్టు చూసుకోవాల్సి రావడంతో ఇంటర్ మధ్యలోనే ఆగిపోయింది. పనికి పోయే తల్లిదండ్రులు, వీధుల్లో తిరిగే పిల్లలు, ఇదే రోజూ ఆయన కొట్టు ముందు దృశ్యం. 2000లో ఆ పిల్లలతో ‘ఆశా ఆశ్వాసన’ అనే బడి మొదలుపెట్టారు. టీ అమ్మగా వచ్చిన దాంట్లో సగందాకా బడికే పోయేది. పిల్లలు బడికి నిలవాలంటే ముందు కడుపు నిండాలని పాలు, తిండి పెట్టేవారు. ఇక్కడ చదివిన పిల్లల్ని ప్రభుత్వ బడుల్లో చేర్పించేవారు. 2019లో పద్మశ్రీ వచ్చింది. 2021 జనవరిలో ఆయన మరణించారు. మంగళూరు దగ్గర నారింజలు అమ్ముకునే హరేకళ హజబ్బ సొంత ఊళ్లో బడి రావడానికి తన పొదుపు ధారపోసి 2020లో అదే పురస్కారానికి ఎంపికయ్యారు.

ఇలాంటివారి పేర్లు పత్రికల్లో వస్తాయి. పేరు రానివాళ్లలో అత్యధికులు ప్రభుత్వ బడి ఉపాధ్యాయులు. పదో తరగతి పరీక్ష ఫీజు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 125 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు మినహాయింపు ఉన్నా, దానికి కుటుంబ ఆదాయం ఏడాదికి పాతిక వేల లోపు ఉండాలి. అంత తక్కువ ఆదాయం చూపించే సర్టిఫికెట్ తెచ్చుకోవడం కంటే ఫీజు కట్టేయడమే తేలిక. నవంబరులో ఆఖరి తేదీ దగ్గరపడ్డాక కూలికి వలసపోయిన తండ్రి ఫోనుకు దొరకడు. క్లాసు టీచరు జేబులోంచి తీసి కట్టేస్తారు. ఆ వంద పాతిక ఎవరి విరాళాల జాబితాలోకీ ఎక్కదు.

ప్రవాసులు, పూర్వ విద్యార్థులు

1990ల తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో కొత్త దాతల తరం వచ్చింది. సిలికాన్ వ్యాలీలో ప్రభు గోయల్, పూనమ్ గోయల్ 1994లో నెలకొల్పిన ఫౌండేషన్ ఫర్ ఎక్సలెన్స్ ఇంజనీరింగ్, వైద్య విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. అందులో తెలుగు విద్యార్థులూ ఉన్నారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, తానా, తన ఫౌండేషన్ ద్వారా ‘చేయూత’ పేరుతో పేద విద్యార్థులకు సాయం చేస్తోంది. వరంగల్ జిల్లా కల్లెడలో ఎర్రబెల్లి రామమోహనరావు 1996లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ పల్లె పిల్లలకు బడులు నడుపుతోంది. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ప్రభుత్వ బడుల్లో టెన్త్, ఇంటర్ చదివిన అమ్మాయిలకు పై చదువుకు ఏడాదికి 30 వేల రూపాయలు ఇచ్చే పథకం తెలంగాణలోనూ అమలవుతోంది.

ఊళ్లలో ఇప్పుడు జోరుగా సాగేది పూర్వ విద్యార్థుల సమ్మేళనం. ముప్ఫై ఏళ్ల కిందటి టెన్త్ బ్యాచ్ వాట్సాప్‌లో కలుసుకుని, ఒక ఆదివారం బడిలో భోజనాలు పెట్టుకుని, వెళ్లేముందు ఏదో ఒకటి ఇస్తారు. మంచినీళ్ల ప్లాంటు, బెంచీలు, వేదిక, సరస్వతి విగ్రహం, కమాను. మీద అందరి పేర్లతో నల్లరాతి పలక. పలక మీద చెక్కడానికి వీలైన వస్తువుకే డబ్బు త్వరగా వస్తుంది. లెక్కల టీచరు లేని బడికి ఏడాదిపాటు విద్యా వాలంటీరు జీతం ఇస్తామన్న బ్యాచ్‌లు లేకపోలేదు గానీ తక్కువ. వాలంటీరు వెళ్లిపోతే గోడ మీద ఏమీ మిగలదు మరి.

ప్రభుత్వంతో పొత్తు

1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన తొలి గురుకుల పాఠశాలకు సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి భూమి ఇచ్చారు. నడపడం ప్రభుత్వం వంతు. దాత స్థలమిచ్చి పక్కకు తప్పుకోవడం, నెలనెలా అయ్యే ఖర్చు సర్కారు మోయడం అన్న ఈ అమరిక అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచింది. పల్లెల్లో జిల్లా పరిషత్ హైస్కూళ్లు ఎన్నో ఇలా దానమిచ్చిన స్థలాల్లోనే ఉన్నాయి.

2009 విద్యాహక్కు చట్టం వచ్చాక ఎనిమిదో తరగతిదాకా ఉచిత చదువు పిల్లల హక్కు అయింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజనీరింగ్ చదువు కూలివాళ్ల ఇళ్లదాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం పేరుతో తల్లుల ఖాతాల్లో డబ్బు పడింది. ఇన్ని ఉన్నాక దాతలతో పనేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు తేదీల్లో ఉంది. రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుంది. మెస్ బిల్లు, ల్యాప్‌టాప్, కౌన్సెలింగ్ రోజు కట్టవలసిన అడ్వాన్సు ఏ పథకంలోనూ సరిగ్గా ఇమడవు. ప్రభుత్వ డబ్బు వస్తుంది గానీ సోమవారం సాయంత్రం ఐదింటిలోపు రాదు. వ్యక్తి ఇచ్చే డబ్బు అక్కడే అక్కరకొస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 2022లో ‘మన ఊరు–మన బడి’ మొదలుపెట్టినప్పుడు పెద్ద మొత్తం ఇచ్చే దాతల పేర్లు బడికో, తరగతి గదికో పెట్టే వీలు కల్పించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఉగాది నాడు మొదలైన పీ4 పథకంలో సంపన్నులు ‘మార్గదర్శులు’గా, వారు దత్తత తీసుకునే పేద కుటుంబాలు ‘బంగారు కుటుంబాలు’గా ఉంటాయి. పిల్లల చదువు ఆ సాయంలో భాగం. నమోదైన సంస్థలకు ఇచ్చే విరాళాల మీద పాత ఆదాయపన్ను విధానంలో మినహాయింపు ఉంది. రెండు వేలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు వర్తించదు. నేరుగా విద్యార్థి చేతికి ఇచ్చినదానికి ఏ మినహాయింపూ లేదు.

ఎవరు కనిపిస్తున్నారు

ఏటా జూన్, జులై నెలల్లో తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా ఉంటుంది. ఐఐటీలోనో, ఎంబీబీఎస్‌లోనో సీటొచ్చింది, కట్టడానికి డబ్బుల్లేవు. రేకుల ఇంటి ముందు అమ్మానాన్నల మధ్య నిలబడ్డ విద్యార్థి ఫొటో, ర్యాంకు, కింద బ్యాంకు ఖాతా వివరాలు. రెండు రోజుల్లో మంత్రి స్పందిస్తారు, సినిమా నటుడి అభిమానులు వస్తారు, దుబాయ్ నుంచో డాలస్ నుంచో డబ్బు పడుతుంది. తరచుగా అవసరానికి మించి పడుతుంది. పక్క మండలంలో అదే ర్యాంకుతో ఉన్న పిల్ల ఇంటికి విలేకరి వెళ్లి ఉండకపోతే ఆమెకు ఏమీ రాదు. అందుకే అనుభవం ఉన్న సంస్థలు దరఖాస్తు పిలిచి, ఇల్లు చూసి వచ్చి, డబ్బును కాలేజీ ఖాతాకే కట్టి, ఏటా మార్కుల మెమో చూశాకే తర్వాతి విడత విడుదల చేస్తాయి. తండ్రి అప్పులవాళ్లు ఆ డబ్బును పట్టుకుపోయే ప్రమాదం కూడా దానితో తగ్గుతుంది.

ఆ మార్కుల షరతు దగ్గరే ఇప్పటి పద్ధతికి పెద్ద లోపం ఉంది. దాదాపు ప్రతి స్కాలర్‌షిప్‌కూ 70 శాతమో, ఇంకా పైనో మార్కులు అడుగుతారు. పత్తి చేలో పనికి పోతూ, తమ్ముణ్ణి చూసుకుంటూ, అత్తెసరు మార్కులతో టెన్త్ గట్టెక్కిన కుర్రాడు ఏ జాబితాలోనూ ఉండడు. అతను చేరేది పట్నంలో ఐటీఐ, ఫిట్టర్ ట్రేడో ఎలక్ట్రీషియన్ ట్రేడో, రెండేళ్లు. ఫీజు పెద్దదేమీ కాదు. గది అద్దె, టూల్‌కిట్, బస్ పాస్, మధ్యాహ్నం భోజనం కలిపితే ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి ఇచ్చే డబ్బుతో ఇలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు చదువుకోవచ్చు. ఐటీఐ పిల్లల కోసం విడిగా పెట్టిన దాతల నిధులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.